బట్టకు ఖనిజ పొడి పట్టించే ముందు

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల అద్దకందారులు ఎండను ఆపే గుణం కోసం బట్టకు జింక్ ఆక్సైడో టైటానియం డయాక్సైడో పట్టించే ముందు, పొడితో వచ్చిన భద్రతా పత్రం చదవాలి. అందులో స్ఫటిక సిలికా కనబడితే ఎన్‌95 మాస్కు లేనిదే సంచి విప్పరాదు, ఎందుకంటే ఆ ధూళి తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. తిరిగే ఫ్యాన్ కింద అసలే విప్పకూడదు.

పొడిని నేరుగా తొట్టిలో గుమ్మరించకుండా కొద్ది నీటిలో ముద్దగా కలిపి, పలుచన చేసి, సన్నని గుడ్డలో వడకట్టాలి. ఉండలు మిగిలితే తెల్లమచ్చలు తప్పవు. జింక్ ఆక్సైడ్ ఆమ్లంలో కరుగుతుంది కనుక, పట్టు అద్దకంలో వాడిన ఎసిటిక్ ఆమ్లాన్ని ముందే కడిగేయాలి. టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ అనే రకం వెలుతురు సోకితే రంగును, నూలును కూడా దెబ్బతీయగలదు. నా మట్టుకు దాని మరో రకమైన రూటైలే మేలు. ముందు జానెడు ముక్కకు పట్టించి, ఉతికి ఆరబెట్టి, వేలితో రుద్దినప్పుడు తెల్లపొడి అంటితే పొడిని బట్టకు పట్టి ఉంచే బైండర్ చాలలేదన్నమాట.