పాకిస్తానీ మిత్రుల ఇంట ఆగస్టు 14: అతిథిగా వెళ్లేవారు తెలుసుకోవలసినవి

దుబాయ్‌లోనో రియాద్‌లోనో లండన్‌లోనో ఉద్యోగం చేసే తెలుగువారికి పాకిస్తానీ సహోద్యోగి నుంచి జాతీయ పండుగకు పిలుపు రావడం అరుదైన సంగతేమీ కాదు. పిలుపు అందగానే అది ఏ పండుగకో తేల్చుకోవాలి, ఎందుకంటే వారికి రెండున్నాయి. మార్చి 23 పాకిస్తాన్ దినోత్సవం. ముస్లింలకు ప్రత్యేక రాజ్యాలు కోరిన 1940 నాటి లాహోర్ తీర్మానానికీ, 1956లో తొలి రాజ్యాంగం అమలులోకి రావడానికీ గుర్తుగా జరిపే ఆ రోజున ప్రధాన ఘట్టం ఇస్లామాబాద్ సైనిక కవాతు కనుక చాలా ఇళ్లలో అది టీవీ ముందు గడిచిపోతుంది. ఆగస్టు 14 స్వాతంత్ర్య దినోత్సవం. జెండాలు, దీపాలు, విందులు, వీధి సందడి అన్నీ దీనివే. ఈ వివరణ కూడా దీని గురించే.

మనకు పదిహేను, వారికి పద్నాలుగు ఎందుకన్న ప్రశ్న అతిథి నోటికి సులువుగా వస్తుంది. 1947 నాటి బ్రిటిష్ చట్టం రెండు దేశాలకూ ఆగస్టు 15నే పేర్కొంది. అయితే వైస్రాయ్ మౌంట్‌బాటెన్ 14వ తేదీన కరాచీలో రాజ్యాంగ సభను ఉద్దేశించి ప్రసంగించి, ఆ తర్వాత ఢిల్లీ వేడుకకు తిరిగివచ్చారు. 1948లో వెలువడిన పాకిస్తాన్ తొలి స్మారక తపాలా బిళ్లలపై ఆగస్టు 15 అనే ఉన్నా, ఆ ఏటి నుంచే పండుగ 14న స్థిరపడింది. ఇంతవరకు తెలిసి ఉండటం మంచిదే గానీ, విందు బల్ల దగ్గర దీనిపై వాదానికి దిగడం మర్యాద కాదు.

ఏర్పాట్లలో చేయి కలపదలిస్తే జెండాతో మొదలుపెట్టాలి. ఆగస్టు మొదటి వారం నుంచే పాకిస్తాన్ నగరాల్లో రోడ్డు పక్క బళ్ల మీద జెండాలు, బ్యాడ్జీలు, ఆకుపచ్చ గాజులు, జండియాఁ అని పిలిచే చిన్న కాగితపు జెండాల తోరణాలు అమ్మకానికి వస్తాయి. పెద్ద జెండాను కట్టేటప్పుడు తెల్లని పట్టీ ఎప్పుడూ కర్ర వైపే ఉండాలి. జెండా వెడల్పులో నాలుగో వంతు ఉండే ఆ పట్టీ దేశంలోని ముస్లిమేతరులకు గుర్తు. మిగిలిన ముదురాకుపచ్చ భాగంలో నెలవంక నోరు కర్రకు దూరంగా ఉన్న పై మూల వైపు తెరుచుకుని ఉంటుంది. హడావుడిలో కట్టేవారు దీన్నే తిరగేస్తుంటారు కాబట్టి ముడి వేసే ముందు ఒకసారి చూసుకోవాలి. జెండా నేలకు తగలకూడదు, సూర్యాస్తమయానికి దించాలి, రాత్రి కూడా ఉంచదలిస్తే దానిపై వెలుగు పడేలా దీపం పెట్టాలి. కాగితపు తోరణాలను పురికొసకు మైదా జిగురుతో అంటించి, ఈ మేడ నుంచి ఆ మేడకు పిల్లలు కడతారు. వానాకాలం కనుక ఒక్క జల్లు పడితే ఆకుపచ్చ రంగు తెల్లని భాగంలోకి జారుతుంది. అందుకే ప్లాస్టిక్ తోరణాలు ఎక్కువయ్యాయి, దానితో మరునాటి చెత్త కూడా పెరిగింది. పరాయి దేశంలో ఉంటే బాల్కనీలో జెండా కట్టేందుకు అక్కడి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోవాలి.

సంబరం 13వ తేదీ రాత్రే మొదలవుతుంది. పార్లమెంటు భవనానికీ, కరాచీలోని జిన్నా సమాధికీ, లాహోర్‌లోని మినారె పాకిస్తాన్ అనే స్మారక స్తంభానికీ దీపాలంకరణ చేస్తారు. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే బాణసంచా పేలుతుంది. తెల్లవారుజామున మసీదుల్లో ప్రత్యేక ప్రార్థనలు జరుగుతాయి, ఆపై ఇస్లామాబాద్‌లో 31, నాలుగు ప్రాంతీయ రాజధానుల్లో 21 చొప్పున తోపులు పేలుస్తారు. జిన్నా సమాధి వద్దా, లాహోర్‌లోని కవి ఇక్బాల్ సమాధి వద్దా కాపలా దళాలు మారే కార్యక్రమాన్ని ఇంటిల్లిపాదీ టీవీలో చూస్తారు. జెండా ఎగురవేసినప్పుడు వినిపించే జాతీయ గీతం దాదాపు 80 సెకన్లు ఉంటుంది. అతిథి పాడనక్కరలేదు గానీ నిలబడి తీరాలి, చేతిలోని టీ కప్పును కింద పెట్టి మరీ నిలబడాలి.

దుస్తుల విషయంలో ఆకుపచ్చ, తెలుపు చాలు. పిల్లలకు తెల్లని సల్వార్ కమీజు, ఆకుపచ్చ కోటు లేదా దుపట్టా వేసి, బుగ్గ మీద నెలవంక, నక్షత్రం గీస్తారు. అతిథి ఆ రంగులు వేసుకోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. గుమ్మంలో ‘జష్నె ఆజాదీ ముబారక్’ (స్వాతంత్ర్య సంబర శుభాకాంక్షలు) అంటే ఆ ఇంటివారి ముఖాలు వికసిస్తాయి.

ఈద్ రోజు సేమ్యా పాయసంలా ఈ రోజుకంటూ విధిగా వండే వంటకం ఏదీ లేదు. పొద్దున హల్వా పూరీ, మధ్యాహ్నం బిర్యానీ, బేకరీ నుంచి ఆకుపచ్చ, తెలుపు క్రీముతో చేసిన కేకు సాధారణంగా కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు మిఠాయి డబ్బా తీసుకెళ్లడం నిక్షేపమైన పని. కేకు కొంటే అందులో మద్యం గానీ హలాల్ కాని జిలాటిన్ గానీ లేదని నిర్ధారించుకోవాలి. ఆ ఇంటివారి మూలాలు కరాచీలోని హైదరాబాద్ కాలనీలో ఉంటే మాత్రం తెలంగాణ అతిథికి విందు పరాయిదిగా తోచదు. 1948 తర్వాత దక్కను నుంచి వలస వెళ్లిన కుటుంబాలు స్థిరపడిన ఆ పేట నేటికీ ఊరగాయలకు పేరుబడింది. బగారా బైంగన్, ఖట్టీ దాల్ అక్కడ ఇంటి వంటలు. అటువంటి వారికి ఏ మిఠాయి కన్నా మన ఇంటి ఆవకాయ సీసా ఎక్కువ ఆనందాన్నిస్తుందని నా అభిప్రాయం.

విభజన ప్రస్తావనను అతిథి తనంతట తాను తేకపోవడం మేలు. ఇంటి పెద్దలు అమృత్‌సర్ నుంచో జలంధర్ నుంచో వచ్చిన కథ చెప్పుకొస్తే శ్రద్ధగా వినాలి, లెక్కలు అప్పజెప్పకూడదు. క్రికెట్ ఆ బల్ల దగ్గర ఎప్పుడూ చెల్లే నాణెమే. ఇస్లామీయ క్యాలెండరు తిరుగుతూ ఉంటుంది గనుక, 2021లోలాగా షియాలకు సంతాప దినాలైన ముహర్రం తొలి పది రోజుల్లో ఆగస్టు 14 పడిన సంవత్సరం షియా కుటుంబాలు పాటలు, బాణసంచా పక్కన పెడతాయి. అప్పుడు వారిని ఉత్సాహపరచబోవడం తగదు.

పాకిస్తాన్‌లోనే ఉండి సాయంత్రం వీధిలోకి వెళ్లదలిస్తే రెండు జాగ్రత్తలు అవసరం. కుర్రాళ్లు ప్లాస్టిక్ బూరలు ఊదుతూ, మోటారు సైకిళ్లను ఒక్క చక్రం మీద నడుపుతూ ప్రధాన రహదారులను ఆక్రమిస్తారు. పోలీసులు ఏటా నిషేధం ప్రకటిస్తున్నా బూరల మోత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, పసిపిల్లలతో వెళ్లడం నేను సమర్థించను. అంతకన్నా ప్రమాదకరమైనది గాలిలోకి తుపాకీ పేల్చడం. పైకి వెళ్లిన గుండు ఎక్కడో ఒకచోట కిందపడుతుంది, కరాచీలో దానివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కాబట్టి అర్ధరాత్రి వేళ మేడ మీద నిలబడకుండా పైకప్పు కింద ఉండి చూడాలి.

పదిహేనో తేదీ పొద్దున మరో పని మిగిలి ఉంటుంది. తోరణాలను కిందపడి కాళ్ల కింద నలగకముందే విప్పాలి, రోడ్డు మీద కనబడిన చిన్న జెండాలను ఏరి ఒక సంచిలో వేయాలి. పాకిస్తాన్‌లో ఆ రోజు యువజన బృందాలు వీధులు తిరిగి ఇదే చేస్తుంటాయి. గుడ్డ జెండాను తడి ఆరాకే మడత పెట్టాలి, లేకపోతే మార్చి 23కు బయటికి తీసేసరికి తెల్లని పట్టీ మీద బూజు మచ్చలు తేలి ఉంటాయి.