741 ఐసీ కాళ్ళు ఏవి ఏంటో గుర్తుపట్టడం ఎట్లా

741 అంటే ఎనిమిది కాళ్ళ ఆప్-ఆంప్ ఐసీ, రెండు ఇన్‌పుట్ల మధ్య వోల్టేజి తేడాని పెద్దది చేసి ఇచ్చే ఆంప్లిఫయర్. ఇక్కడ తిరుపతిలో డిప్లొమా ఈసీఈ చదివే పిల్లోళ్ళు వచ్చి అన్నా సర్క్యూట్ కరెక్టే గానీ అవుట్‌పుట్ రాలేదు అంటా ఉంటారు, తీసి చూస్తే ఐసీ తలకిందులుగా పెట్టుంటారు. కాబట్టి ఫస్ట్ ఒకటో కాలు ఏదో చూసుకోండి.

ఐసీ పైన అర్ధచంద్రం లాగా ఒక గాటు ఉంటుంది, కొన్నిటికి చిన్న చుక్క ఉంటుంది. గాటు పైకి వచ్చేట్టు పట్టుకుంటే ఎడమ పక్క మొదటిది 1, అక్కడ్నుంచి కిందికి 2, 3, 4, మళ్ళీ కుడి పక్క కింద నుంచి పైకి 5, 6, 7, 8. గోవిందరాజస్వామి గుళ్ళో మనం ప్రదక్షిణ చేసే దిక్కుకి సరిగ్గా రివర్సు అనుకోండి, ఇంక మర్చిపోరు. ఐసీని తిప్పి కాళ్ళ వైపు నుంచి లెక్కపెడితే మాత్రం మొత్తం తారుమారైపోతుంది, పైనుంచే చూడాల.

2 ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, అంటే ఇక్కడ వోల్టేజి పెరిగితే అవుట్‌పుట్ తగ్గుతుంది. 3 నాన్ ఇన్వర్టింగ్, ఇది పెరిగితే అదీ పెరుగుతుంది. అవుట్‌పుట్ 6. ప్లస్ సప్లై 7కి, మైనస్ సప్లై 4కి, ఈ రెండూ మార్చి ఇస్తే ఐసీ కాలిపోతుంది, నేను సెకండియర్లో అట్లా రెండు కాల్చినా. 8కి లోపల కనెక్షనే లేదు, వదిలేయండి.

అందరూ తికమకపడేది గ్రౌండు దగ్గర. అన్నా గ్రౌండు కాలు ఏది అని అడుగుతారు, 741కి గ్రౌండు కాలే లేదు! రెండు 9 వోల్టుల బ్యాటరీలు తీసుకుని ఒకదాని ప్లస్సు ఇంకోదాని మైనస్సుకి కలపండి, ఆ కలిసిన చోటే మన గ్రౌండు, మిగిలిన ప్లస్సు 7కి, మిగిలిన మైనస్సు 4కి.

1, 5 ఆఫ్‌సెట్ నల్ కాళ్ళు. లోపలి ట్రాన్సిస్టర్లు అచ్చం ఒకేలా ఉండవు గదా, అందుకే రెండు ఇన్‌పుట్లకీ ఒకే వోల్టేజి ఇచ్చినా కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నట్టే అది ప్రవర్తిస్తుంది. దాన్ని సరిచేయడానికి 10 కిలో ఓమ్స్ ప్రీసెట్ (స్క్రూడ్రైవరుతో తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టరు) రెండు చివరలు 1కీ 5కీ, మధ్య కాలు 4కి, గ్రౌండుకి కాదు. మామూలు ల్యాబ్ ఎక్స్‌పరిమెంట్లకి ఇది అక్కర్లేదు.

పెట్టింది కరెక్టో కాదో చూడాలంటే 2నీ 6నీ ఒక వైరుతో కలిపి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు ప్లస్సు 3కి, మైనస్సు గ్రౌండుకి ఇచ్చి, మల్టీమీటరుతో 6కీ గ్రౌండుకీ మధ్య చూడండి, సెల్లుకి ఎంత ఉందో అంతే చూపించాల. 8 వోల్టుల దగ్గర ఇరుక్కుని కదల్లేదంటే 2, 6 కలిపిన వైరు లూజుగా ఉందేమో చూడండి.

358 అనే ఆప్-ఆంప్ ఐసీ కూడా ఎనిమిది కాళ్ళదే గానీ దాంట్లో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి, ప్లస్ సప్లై 8కి, 7 అవుట్‌పుట్, 6 ఇన్‌పుట్. 741 పీకి అదే చోట 358 గుచ్చొద్దు, వైర్లన్నీ మార్చాల.