502 వస్తే ముందు లాగ్ తెరవండి: జాంగో సర్వర్ చిక్కులు

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయిది కమీషన్ కొట్టు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, తేజ రకం ఎంతకు పోయింది, ఎవరికెంత ఇవ్వాలి, అన్నీ నేను జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిచ్చిన చిన్న అప్లికేషన్‌లోనే ఎక్కిస్తారు. సీజన్ మధ్యలో సర్వర్ మార్చాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఫోన్: "ఒరేయ్, పేజీ రావట్లేదురా. ఐదొందల రెండు అని ఏదో చూపిస్తోంది. ఇక్కడ రైతులు కూర్చుని ఉన్నారు."

బ్రాడీపేటలో నా గదిలో కూర్చుని, ఆ టెన్షన్‌లో అరగంట సేపు సర్వీసులు రీస్టార్ట్ చేస్తూనే ఉన్నాను. లాగ్ (సర్వర్ జరిగినవన్నీ రాసుకునే ఫైల్) తెరిచాక కారణం తెలియడానికి నిమిషం కూడా పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సమస్య: 502 బ్యాడ్ గేట్‌వే

ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటుంది, వెనక జాంగోని నడిపే గునికార్న్ ఉంటుంది. 502 అంటే ముందున్నది బాగానే ఉంది, వెనకున్న దాని నుంచి సరైన జవాబు రాలేదు అని. ఎందుకు రాలేదో ఎన్‌జిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో చివరి వరుస చెబుతుంది. అందులో "ఫెయిల్డ్" అన్న మాట తర్వాత ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చూడండి.

2 ఉంటే సాకెట్ ఫైలే (ఆ రెండూ మాట్లాడుకునే దారి) లేదు. గునికార్న్ లేవనే లేదు, లేదా రెండు కాన్ఫిగ్ ఫైళ్లలో సాకెట్ దారి వేర్వేరుగా రాశారు. జర్నల్‌లో గునికార్న్ సర్వీసు లాగ్ చదవండి. "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అని ఉంటే సర్వీసు ఫైల్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ దారినో, వర్కింగ్ డైరెక్టరీనో సరిచేయాలి.

111 ఉంటే చిరునామా ఉంది, అక్కడ వినేవాళ్లు లేరు. గునికార్న్ పడిపోయి పాత సాకెట్ ఫైల్ మిగిలిపోయినా, పోర్ట్ నంబర్ తప్పు రాసినా ఇదే వస్తుంది.

మాకు వచ్చింది 13, పర్మిషన్ డినైడ్. సాకెట్ ఫైల్‌కి అనుమతులన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా అదే మాట. దారిలో ఉన్న ఒక్కో ఫోల్డర్ అనుమతిని వరసగా చూస్తే దొరికింది. ప్రాజెక్టునీ సాకెట్‌నీ నా హోమ్ ఫోల్డర్‌లో పెట్టాను. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకు అనుమతి 750గానే వస్తుంది, అంటే బయటి యూజర్ గడప కూడా దాటలేడు. ఎన్‌జిన్‌ఎక్స్ నడిచేది వేరే యూజర్ పేరు మీద. లోపలి గది తలుపు తీసి ఉన్నా వీధి గేటుకి తాళం ఉంటే ఎవరు రాగలరు?

చాలామంది ఇక్కడ 777 (అందరికీ అన్ని అనుమతులు) కొట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రైతుల లెక్కలున్న ఫోల్డర్‌ని సర్వర్‌లో ఉన్న ప్రతి యూజర్‌కీ అప్పగించినట్టే. సిస్టమ్‌డీ సర్వీసు ఫైల్‌లో రన్‌టైమ్ డైరెక్టరీ అన్న వరుస చేర్చి, సాకెట్‌ని రన్ ఫోల్డర్‌లోకి మార్చండి. ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లోనూ ఆ దారే ఇచ్చి, ముందు టెస్ట్ చేసి, తర్వాత రీలోడ్ చేయండి.

సమస్య: ఒక్క పేజీకే 502, అదీ అర నిమిషం ఆగాక

బాబాయి సీజన్ మొత్తం లెక్క అడిగినప్పుడు ఇలా అయింది. గడియారం చూసుకోండి. జవాబు ఇవ్వని వర్కర్‌ని గునికార్న్ మామూలుగా 30 సెకన్లకు ఆపేస్తుంది, అప్పుడు 502 వస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ సొంత గడువు 60 సెకన్లు, అది దాటితే 504. గడువు పెంచితే ఆ పూటకి గడుస్తుంది. మా రిపోర్టు ప్రతి లాటుకీ రైతు పేరు కోసం విడిగా డేటాబేస్‌కి వెళ్తోంది. పేర్లను కూడా ఒకే క్వెరీలో తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ పెట్టాక ఆ వెయిటింగ్ పోయింది.

సమస్య: పేజీ వస్తుంది, రంగూ రూపూ ఉండవు

డీబగ్ ఆపేశాక స్టాటిక్ ఫైళ్లను (సీఎస్ఎస్, బొమ్మల్లాంటివి) జాంగో ఇవ్వదు. కలెక్ట్‌స్టాటిక్ నడిపి, ఆ ఫోల్డర్‌ని ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఏలియాస్‌గా చూపించండి. లొకేషన్ చివర స్లాష్ ఉంటే ఏలియాస్ చివరా ఉండాలి. 404 బదులు 403 వస్తుంటే పైన చెప్పిన హోమ్ ఫోల్డర్ సంగతే చూడండి.

మిగతావి చిన్నవి. 400 వస్తే అలౌడ్ హోస్ట్స్‌లో డొమైన్ పేరు చేర్చండి. లాట్ల ఫొటోలు ఎక్కించేటప్పుడు 413 వస్తే క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ పెంచండి, మామూలుగా అది 1 ఎంబీనే. హెచ్‌టీటీపీఎస్ పెట్టాక లాగిన్‌లో సీఎస్‌ఆర్‌ఎఫ్ 403 వస్తే, ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో డొమైన్‌ని హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయండి. జాంగో 4.0 నుంచి అలాగే రాయాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. సర్వీసుని స్టార్ట్ చేస్తే సరిపోదు, ఎనేబుల్ కూడా చేయాలి, లేకపోతే సర్వర్ రీబూట్ అయిన రోజు మళ్లీ 502. నేనైతే యార్డుకి సెలవున్న రోజు చూసుకుని రీబూట్ చేశాను. ఏమీ ముట్టుకోకుండా బాబాయినే పేజీ తెరవమన్నాను. "వచ్చిందిరా" అన్నాకే లాప్‌టాప్ మూశాను.