వలసలు ఎందుకు విడిపోవాలనుకున్నాయి: జవాబు ఎక్కడ తప్పుతోంది?

బ్రిటన్ పాలనలోని వలసలు ఎందుకు విడిపోవాలనుకున్నాయి అన్న పరీక్ష ప్రశ్నకు, బరంపురంలో ట్యూషన్ చెబుతూ ఎన్ని జవాబులు దిద్దానో లెక్కలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఏ భాషలో రాసినా తప్పు ఒక్కచోటే దొరుకుతుంది.

సమస్య: "పన్నులు పెరిగాయి, ప్రజలు తిరగబడ్డారు" అని రెండు ముక్కల్లో జవాబు అయిపోతుంది. సగం మార్కులు పోతాయి.

ముందు చూడాల్సింది తేదీలు. ఎన్నిసార్లు చెప్పినా చూడరు. అమెరికాలోని 13 వలసల మీద, కాగితాలకు పన్ను కట్టమన్న స్టాంపు చట్టం వచ్చింది 1765లో, స్వాతంత్ర్య ప్రకటన 1776 జూలై 4న. మధ్యలో పదకొండేళ్లు. మన దగ్గర కాంగ్రెస్ పుట్టింది 1885లో, పూర్ణ స్వరాజ్ తీర్మానం 1929లో. పన్నే కారణమైతే అన్నేళ్లు ఎందుకు ఆగారు? మొదట పెట్టుకున్నది అర్జీ. అమెరికాలో యుద్ధం మొదలయ్యాక కూడా, 1775 జూలైలో, రాజీ కోరుతూ బ్రిటన్ రాజు మూడో జార్జికి అర్జీ పంపారు. ఆయన దాన్ని తీసుకోనేలేదు.

అసలు కారణం: ఇక్కడ నేనే చాలా ఏళ్లు దెబ్బతిన్నాను. టీ ధర పెరిగిందని బోస్టన్‌లో పెట్టెలు సముద్రంలో పారేశారని చెప్పేవాణ్ణి. ఒకరోజు కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి పాఠం మీద వేలు పెట్టి, "మాస్టారూ, ఈ చట్టంతో టీ చవకయింది కదా, మరి కోపం ఎందుకు?" అంది. నిజమే. 1773 చట్టంతో ఈస్టిండియా కంపెనీ టీ చవకగా వచ్చింది. పౌనుకు మూడు పెన్నీల పన్ను మాత్రం తీయలేదు. ఆ టీ కొంటే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటుకు తమ మీద పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే. డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలు నీళ్లపాలైంది అందుకే.

దీని వేరు 1766లో ఉంది. స్టాంపు చట్టం రద్దయిన రోజునే బ్రిటన్ పార్లమెంటు ఇంకో చట్టం చేసింది: ఏ విషయంలోనైనా వలసలకు చట్టాలు చేసే అధికారం తమదేనని. అంతకుముందు చాలాకాలం వలసల సభలే తమ పన్నులు వేసుకునేవి. 1763లో ఫ్రాన్సుతో యుద్ధం ముగిసి, అప్పు మీద పడ్డాక లండన్ పట్టు బిగించింది. అలవాటైన హక్కు చేజారిపోయింది.

గంజాం ఉప్పు మడుల పక్క పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. బ్రిటిష్ కాలంలో ఎదురుగా తెల్లగా పేరుకున్న ఉప్పు, గుప్పెడు తీసుకుంటే నేరం. పన్ను ఎంత అన్నది తర్వాత మాట.

సరిచేయడం: "పన్ను ఎక్కువ" అని రాసినచోట "ఎవరిని అడిగి వేశారు" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. తర్వాత అర్జీ, తిరస్కారం, శిక్ష వరుసగా పెట్టండి. 1774లో బోస్టన్ రేవు మూసేశారు, మసాచుసెట్స్ స్వపరిపాలనకు కత్తెర వేశారు. మన దగ్గర 1919లో విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం, ఆ వెంటనే జలియన్‌వాలాబాగ్.

ఫ్రాన్సు ఎగదోయడం, సముద్రం దూరం, నాయకుల ఆశ: వీటికి ఒక్కో వాక్యం చాలు. ఫ్రాన్సుతో ఒప్పందం 1778లో, ప్రకటన తర్వాత.

"సామాన్యుడికి ఇదంతా పట్టలేదు" అని మాత్రం రాయకండి. కోరాపుట్ ఆదివాసి లక్ష్మణ్ నాయక్ క్విట్ ఇండియా ఉద్యమంలో, 1942 ఆగస్టు 21న, మత్తిలి పోలీసు స్టేషనుకు జనాన్ని నడిపించాడు. కాల్పులు జరిగాయి. అడవి గార్డును చంపాడని కేసు పెట్టి, 1943 మార్చి 29న మన బరంపురం జైల్లోనే ఉరితీశారు.