ట్రినిడాడ్ వెళ్తున్నారా? ఎక్కడ ఇరుక్కుంటారు, ఎలా బయటపడాలి

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో దిగితే పరాయి దేశంలో ఉన్నట్టే ఉండదు. బండ్లు ఎడమ వైపే వెళ్తాయి, రోటీ షాపులు కనిపిస్తూనే ఉంటాయి, బోర్డుల మీద మహారాజ్, మొహమ్మద్ లాంటి పేర్లు. 1845 మే 30న ఫాతెల్ రజాక్ ఓడతో ఇండియా నుంచి మొదలైన కూలీల వలసలో ఆ తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ధీమాతోనే మనవాళ్లు ఏమీ కనుక్కోకుండా బయల్దేరి, తెలిసిందే కదా అనుకున్న చోటే దెబ్బ తింటారు.

సమస్య: వీసా అక్కర్లేదన్నారు, కానీ కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇవ్వట్లేదు

ఇండియన్ పాస్‌పోర్టుతో టూరిస్టుగా వెళ్తే ట్రినిడాడ్‌కి 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు, అది నిజమే. గొడవంతా దారిలో ఉంది. ఇండియా నుంచి నేరుగా ఫ్లైట్ లేదు కాబట్టి మధ్యలో ఎక్కడో మారాలి, అమెరికాలో మారితే రెండు గంటలు ఆగినా అమెరికా వీసా ఉండాల్సిందే. బ్రిటన్, కెనడాలకి వాటి ట్రాన్సిట్ రూల్స్ వాటికున్నాయి. టికెట్ కొనేముందే రూటు పట్టుకుని ఆగే ప్రతి దేశం రూల్ చూసుకోండి. చవకగా వస్తున్నాయని రెండు వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు, అప్పుడు ట్రాన్సిట్ వీసా కూడా చాలకపోవచ్చు. తిరుగు టికెట్, ఉండబోయే చోటి పూర్తి అడ్రస్ కాగితం మీద ఉంచుకోండి, ఇమిగ్రేషన్లో అడుగుతారు.

సమస్య: ట్రిప్ అయిపోయింది, అమెరికా తిరిగి వెళ్లనివ్వట్లేదు

ఇది అమెరికాలో ఉండే మనవాళ్ల కోసం, దీన్ని మాత్రం రెండుసార్లు చదవండి. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉంటే 30 రోజుల్లోపు తిరిగి రావచ్చనే రూల్ ఒకటి ఉంది, ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అంటారు. మెక్సికో వెళ్లొచ్చిన హెచ్1బి (ఉద్యోగ వీసా) ఫ్రెండు ఎవరో చెప్తే, అదే ధైర్యంతో కరీబియన్ టికెట్లు బుక్ చేసేస్తారు. కానీ హెచ్1బి వాళ్లకి ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. పక్కనున్న కరీబియన్ దీవులకి, అదీ క్యూబా కాకుండా, వర్తించేది ఎఫ్, జె వీసాల మీద ఉన్న స్టూడెంట్లు, ఎక్స్ఛేంజ్ విజిటర్లకే. వాళ్లు కూడా ఆ ట్రిప్‌లో కొత్త వీసాకి అప్లై చేయకూడదు. హెచ్1బి స్టాంప్ అయిపోయి ఉంటే ట్రిప్ వాయిదా వేసుకోండి. అక్కడికి వెళ్లాక గుర్తొస్తే, కొత్త వీసా స్టాంప్ అయ్యేదాకా అమెరికా తిరిగి వెళ్లే దారి లేదు.

సమస్య: అటు నుంచి ఇండియా వెళ్తే ఎయిర్‌పోర్టులో ఆపేశారు

కారణం యెల్లో ఫీవర్, దోమల వల్ల వచ్చే జ్వరం. ఇండియా పెట్టుకున్న యెల్లో ఫీవర్ దేశాల లిస్టులో ట్రినిడాడ్ ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు టీకా సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే, ఆ ఆరు రోజులు పూర్తయ్యేదాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. బీచ్ చూసుకుని అట్నుంచి అటే అమ్మానాన్నల దగ్గరికి పోదాం అనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టైం లేకపోతే ట్రినిడాడ్ నుంచి ఇంకో దేశానికి వెళ్లి అక్కడ ఆరు రోజులు దాటాక ఇండియా రావాలి, ఆ దేశం కూడా లిస్టులో లేనిదై ఉండాలి.

సమస్య: ట్యాక్సీ అతను 40 డాలర్లన్నాడు, దిగాక లెక్క మారిపోయింది

అతను మోసం చేయలేదు. అక్కడి టీటీ (ట్రినిడాడ్ అండ్ టొబాగో) డాలరుకీ, అమెరికన్ డాలరుకీ ఒకటే గుర్తు, ఒకటే పేరు. ఒక అమెరికన్ డాలరుకి ఆరున్నరకి పైగా టీటీలు వస్తాయి, కాబట్టి 40 టీటీ అనుకుని సంబరంగా ఎక్కి 40 యూఎస్ కడితే కడుపు మండుతుంది (నాకు మండింది). ఎక్కేముందే "టీటీయా, యూఎస్సా?" అని అడగండి, అక్కడ అందరూ అడిగేదే. అద్దెకి తిరిగే కార్ల నంబరు 'హెచ్'తో మొదలవుతుంది, 'పి' ఉంటే అది సొంత కారు, ఆపినా ఎక్కకండి. మ్యాక్సీలకైతే, అంటే అందరూ కలిసి ఎక్కే షేర్ వ్యాన్లకైతే, రంగు పట్టీ చూడాలి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి అరీమా వైపు ఎరుపు, శాన్ ఫెర్నాండో వైపు ఆకుపచ్చ.

సమస్య: వెజ్ అన్నారు, నోట్లో పీత తగిలింది

కలాలూ ఆకుకూర వంటకమే, చేమాకు, బెండకాయ, కొబ్బరిపాలతో చేస్తారు. కానీ చాలా ఇళ్లలో పీత వేయడం మామూలే. "వెజిటేరియనా?" అని ఊరుకోకుండా "చేప గానీ పీత గానీ పడిందా?" అని అడగాలి.

భయం లేకుండా తినాలంటే డబుల్స్ ఉంది. పొద్దున్నే బండి దగ్గర నిలబడితే కాగితం మీద రెండు మెత్తటి బరాలు (నూనెలో వేయించిన పూరీ లాంటివి) ఒకదాని మీద ఒకటి సగం జరిపి వేసి, శనగల కూర గరిటెతో పోసి, గరిటె గాల్లో ఆపి "పెప్పర్?" అంటాడు. "స్లైట్" అనండి. మనం గుంటూరు కారం తిన్నవాళ్లం అని హెవీ చెప్పొద్దు, మొరూగా స్కార్పియన్ మిరపకాయ పుట్టింది ఆ దేశంలోనే. మండిపోతే నీళ్లు తాగి లాభం లేదు, పాలో పెరుగో వెతుక్కోండి.

సమస్య: ఇంటి నుంచి తెచ్చిన కెటిల్ ఎంతకీ కాగట్లేదు

పాడవలేదు. అక్కడ కరెంటు 115 వోల్టులు, మన కెటిల్ 230కి చేసింది. వోల్టేజీ సగమైతే వేడి పావు వంతుకి పడిపోతుంది, అంటే 1500 వాట్ల కెటిల్ 375 వాట్లతో మూలుగుతుందన్నమాట. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని ఉంటే బల్లపరుపు పిన్నుల అడాప్టర్ ఒక్కటి చాలు. అమెరికా సామాన్లకి ఏ గొడవా లేదు.

ఇంకొన్ని

పిల్లాడి టోపీ కస్టమ్స్‌లో పక్కన పెట్టారా? మిలటరీ ప్రింట్ అయ్యుంటుంది. అక్కడ మామూలు జనం ఆ డిజైన్ వేసుకోవడం నేరం, టోపీ, ప్యాంటు, బ్యాగు ఏదైనా సరే. ఇంట్లోనే తీసేయండి.

మరాకస్ బీచ్‌లో కాళ్ల కింద ఇసుక లాగేస్తుంటే ఎదురు ఈదకండి, గట్టుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడు లోంచి బయటపడండి. అసలు లైఫ్‌గార్డులు జెండాలు పాతిన చోటు వదిలి దిగకపోతే ఆ అవసరమే రాదు.

అదే దేశంలోని పక్క దీవి టొబాగో బీచ్‌లో వానకి చెట్టు కింద నిలబడ్డాక ఒంటి మీద మంట, బొబ్బలు వస్తే అది మాంచినీల్ చెట్టు. చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు ఉంటాయి, పాలంతా విషం, వాన చినుకుల్లో కలిసి కారుతుంది. సబ్బు నీళ్లతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కళ్లలో పడినా, పిల్లలు కాయ కొరికినా ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌కి 811 కొట్టండి.