పెట్రోలా, హైబ్రిడా, విద్యుత్తా: కారు కొనే ముందు

ముందుగా నెల రోజుల పాటు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో రాసుకోండి. ఆ తర్వాత, మీ పార్కింగ్ స్థలంలో సొంత మీటరుకు కలిపిన 15 ఆంపియర్ల సాకెట్‌కు అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకుంటుందో లేదో, అడ్వాన్సు కట్టకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి. గంటకు సుమారు 3 యూనిట్లు ఇచ్చే ఆ సాకెట్ 8 గంటల్లో వంద కిలోమీటర్లకు పైగా సరిపడే ఛార్జింగ్ ఇస్తుంది, అది లేనివారికి మాత్రం విద్యుత్ కారు నిత్యం భారమే అవుతుంది. అలాంటివారు నగర రద్దీలోనే ఎక్కువగా తిరుగుతుంటే, బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి మళ్లించే స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కొంత దూరం విద్యుత్ మోటారుతోనూ నడిచే కారు) తీసుకోవడం మేలని నా నమ్మకం. అరుదుగా బయటికి తీసేవారికి పెట్రోలు కారు చాలు. తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన విధానం విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకే ఇచ్చింది కనుక, రిజిస్ట్రేషన్ ఏ తేదీన జరుగుతుందో డీలరును ముందే అడగండి.