పిల్లలతో అంతర్వేది వెళ్తుంటే

నరసాపురం వైపు నుంచి అంతర్వేది వెళ్లేవాళ్లు చాలామంది సఖినేటిపల్లి రేవుకి పంటు (కార్లనీ మనుషుల్నీ గోదారి దాటించే పెద్ద పడవ) మీదే దాటుతారు కదా. పంటు ఎక్కేముందే పిల్లల్ని కారులోంచి దింపి, చెయ్యి పట్టుకుని నడిపించి ఎక్కించండి. అద్దాలు మూసుకుని లోపలే కూర్చుంటే ఉక్కకి చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. పైగా ఏదైనా జరిగితే కారులోంచి బయటపడటం కష్టం. అంచున కాకుండా మధ్యలో నిలబడండి, గోదారి అక్కణ్ణుంచీ బాగానే కనిపిస్తుంది.

గుళ్లో నరసింహస్వామి దర్శనం పొద్దున్నే అయిపోతే బీచ్‌లో ఇసుక కాలదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర మాత్రం పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు, మోకాలి లోతే కదా అని ఇంట్లో పెద్దవాళ్లు అన్నా సరే. ఏటి వడి, సముద్రపు పోటు కలిసేచోట కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. మారాం చేస్తే తడి ఇసుకలో గూళ్లు కట్టుకోనివ్వండి. కాళ్లకంటిన ఉప్పు ఇసుక కడగడానికి ఒక సీసాడు మంచినీళ్లు విడిగా ఉంచుకోండి, లేకపోతే ఇంటికెళ్లేదాకా దురదే.

భీష్మ ఏకాదశి రథోత్సవానికైతే జనం విపరీతం. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.